కొత్త గుండెకు నడక నేర్పుట

1967 డిసెంబరు 3న కేప్‌టౌన్ నగరమున క్రిస్టియన్ బర్నార్డు మానవహృదయమును తొలిసారి మార్చినప్పుడు ఆ రోగి 18 దినములే జీవించెను. ఆయనను బలిగొన్నది న్యుమోనియాయే గాని గుండె కాదు. మన దేశమున 1994 ఆగస్టు 3న ఢిల్లీ ఎయిమ్స్‌లో ఈ చికిత్సను జయప్రదముగా నెరవేర్చిన వేణుగోపాల్ గారు రాజమహేంద్రవరము వారు. 2023 జనవరిలో తిరుపతి శ్రీ పద్మావతి చిన్నపిల్లల హృదయాలయమునను గుండె మార్పిడి జరిగినది.

పత్రికలు శస్త్రచికిత్సతో కథ ముగించును. రోగికి కథ మొదలగునది అటు పిమ్మటనే. దాత దేహమునుండి గుండెను వేరుచేయునప్పుడు దాని నాడులు తెగును. వైద్యులు రక్తనాళములను కుట్టగలరు గాని నాడులను అతుకలేరు. అందుచేత కొత్త గుండె విశ్రాంతిలోనే నిమిషమునకు 90 మొదలు 110 పర్యంతము కొట్టుకొనుచు, యజమాని నడక ప్రారంభించినను ఆ వార్త నెత్తురులోని ఎడ్రినలిన్ మూలమున చేరువరకు, అనగా కొన్ని నిమిషములవరకు, వేగము పెంచదు. అతడు కూర్చున్నను వెంటనే శాంతింపదు. కావున ఫిజియోథెరపిస్టు నాడి వేగమును నమ్మక, “మాట్లాడుకుంటా నడవగలవా అన్నా?” యని అడిగి, మెల్లగా మొదలుపెట్టించి, మెల్లగానే ఆపించును.

ఆసుపత్రిలో ఈ విద్య మంచపు అంచుననే ఆరంభమగును. దగ్గు వచ్చినప్పుడు రోగి దిండును రొమ్మునకు హత్తుకొనును. చేతులు ఊనక తొడల బలముతో లేచును, ఏలయనగా కోసి తీగెతో బిగించిన రొమ్ము ఎముక అతుకుకొనుటకు రెండు మూడు నెలలు పట్టును. అంతవరకు నీళ్ల బిందె నెత్తరాదు. అయితే దీర్ఘవ్యాధిచేతను స్టెరాయిడ్లచేతను తొడకండలు కరగియుండగా, “కదలొద్దు నాయనా” యని మంచము దిగనీయని మన ఇంటివారి మమకారము, నా మట్టుకు, అపకారమే.

తక్కినదంతయు జాగరూకత. శరీరము పరాయి గుండెను తిరస్కరింపకుండ టాక్రోలిమస్ వంటి మందులు వేళ తప్పక జీవితాంతము వేసికొనవలెను; రక్తపరీక్షనాడు నెత్తురు తీసిన పిదపనే ఉదయపు మాత్ర. ఆ తిరస్కారపు జాడ తెలియుటకు మెడలోని సిర గుండా గుండెలోని రవ్వంత కండను తీసి బయాప్సీ చేయుదురు. పంపర పనస తినరాదు, కాచని పాలు తాగరాదు, వైద్యునడుగక ఆకుమందు ముట్టరాదు.

టాక్రోలిమస్ వంటి ఆ మందులు రోగనిరోధకశక్తిని అణచివేయును. గుండె మార్చుకొని ఇల్లు చేరినవారిని పరామర్శింప వెళ్లు బంధుమిత్రులారా, మీకు జలుబున్నచో ఆ గడప తొక్కకుడు, ఫోనులోనే పలుకరింపుడు.