పల్లెలో ఫోనుగల యిల్లాలు

1997వ సంవత్సరమున బంగ్లాదేశమున గ్రామీణ్‌ఫోన్ సంస్థ వెలసిననాటికి పల్లెలలో టెలిఫోనే అరుదు. ఆవు పాలమ్మి అప్పు దీర్చునట్లు మాటలమ్మియు దీర్పవచ్చునని ఇక్బాల్ ఖాదిర్ తలపోసెను. ఆ ప్రకారమే గ్రామీణ బ్యాంకువారు పేద స్త్రీలకు అప్పిచ్చి మొబైల్ ఫోనులు కొనిపించిరి. నిమిషమున కింతయని సొమ్ము చెల్లించి, ఊరివారు విదేశములందలి కొడుకులతోను, పట్టణమందలి వర్తకులతోను మాటలాడుచుండిరి. ఎంతటి పెద్దలైనను ఆ పేదరాలి వాకిటికి రావలసినదే గదా!

పిమ్మట ఫోనులు చౌకయై యిల్లిల్లు చేరెను. ఆ వ్యాపారము సన్నగిల్లెను. అయితే సోదరీమణులారా, ఇంట నున్న ఫోను ఎవరిది? దక్షిణాసియాలో నేటికిని సొంత ఫోను గలవారు పురుషులకంటె స్త్రీలలో తక్కువ. భర్త ఫోనే దిక్కైన యిల్లాలు కన్నతల్లితో రెండు మాటలాడవలెనన్నను, అతడు పొలమునుండి వచ్చుదాక కాచుకొనవలసినదే.