ఓటమి ఎవరి ఖాతాలో?

ఐదు రోజుల్లో ముగిసిన యుద్ధం ఒక జనరల్‌కు జీవితాంతం ద్రోహి ముద్ర వేసింది. సెప్టెంబర్ 17ను ఏ పేరుతో పిలవాలని ఏటా వాదించుకునే మనం, ఆ ఓటమి లెక్క మాత్రం ఇప్పటికీ తేల్చలేదు.

ఎర్రగడ్డ రైతుబజార్ ముందు, మెట్రో వంతెన నీడలో బస్సులూ ఆటోలూ ఒకదాన్నొకటి ఒరుసుకుంటూ పోయే రోడ్డు ముంబయి జాతీయ రహదారి. అటు పోతే మూసాపేట, కూకట్‌పల్లి, పటాన్‌చెరు, జహీరాబాద్ దాటి షోలాపూర్ చేరుతుంది. ఇటు వస్తే అమీర్‌పేట, పంజాగుట్ట మీదుగా ఊళ్లోకి దిగుతుంది. 1948 సెప్టెంబర్ 13న భారత సైన్యం నిజాం రాజ్యంలోకి నాలుగు వైపుల నుంచీ వచ్చినప్పుడు, అసలు దెబ్బ కొట్టింది ఈ షోలాపూర్ దారి పట్టిన దళమే. మేజర్ జనరల్ జయంతో నాథ్ చౌదరి నడిపించిన టాంకులు దాదాపు 300 కిలోమీటర్లు దాటుకుని ఐదు రోజుల్లో నగరం పొలిమేరకు వచ్చాయి. 18వ తేదీ సాయంత్రం హైదరాబాద్ సైన్యాధిపతి మేజర్ జనరల్ సయ్యద్ అహ్మద్ ఎల్ ఎద్రూస్ ఆయన ముందు నిలబడి సైన్యాన్ని అప్పగించారు. ఆ ఫొటో చాలా పుస్తకాల్లో కనిపిస్తుంది. ఇద్దరు జనరల్స్ ఎదురెదురుగా నిలబడి ఉంటారు. ఈ యుద్ధాన్ని తెచ్చిపెట్టిన రాజకీయ నాయకుడు ఒక్కడు కూడా ఆ చట్రంలో ఉండడు.

ఆ తరువాత ఎద్రూస్‌ను తన వాళ్లే గద్దార్ అన్నారు. అమ్ముడుపోయాడన్నారు. చేతకానివాడన్నారు. నిన్నటిదాకా ఢిల్లీ ఎర్రకోట మీద ఆసఫ్‌జాహీ జెండా ఎగరేస్తామన్న పార్టీకి, ఐదు రోజుల్లో అంతా కూలిపోయాక, తప్పు మోయడానికి ఒక మనిషి కావలసి వచ్చాడు. సైన్యాధిపతికి మించి చేతికందే మనిషి ఎవరుంటారు?

ఎవరు కోరిన యుద్ధం?

ఆ రాజ్యంలో ఉన్నది కోటీ అరవై లక్షల పైచిలుకు జనం. వాళ్లలో నూటికి ఎనభై మందికి పైగా హిందువులు, సగానికి దగ్గరగా తెలుగు మాట్లాడేవారు. 1946 నుంచి తెలంగాణ పల్లెలు దొరల మీదా, నిజాం పోలీసుల మీదా తిరగబడి ఉన్నాయి. స్వామి రామానంద తీర్థ నాయకత్వంలో స్టేట్ కాంగ్రెస్ విలీనం కోసం సత్యాగ్రహం చేసి జైళ్లు నింపింది. ముస్లింలు అందరూ యుద్ధం కోరారనడమూ అబద్ధమే. 1948 ఆగస్టులో ఏడుగురు ముస్లిం ప్రముఖులు రజాకార్ల దౌర్జన్యాన్ని ఖండిస్తూ, భారత్‌లో చేరడమే మేలని బహిరంగ ప్రకటన చేశారు. దాన్ని తన పత్రికలో అచ్చువేసినవాడు 'ఇమ్రోజ్' సంపాదకుడు షోయబుల్లా ఖాన్. ఆగస్టు 21 రాత్రి కాచిగూడ దగ్గర ఆయన ఇంటికి వెళ్తుంటే కాపు కాసి కాల్చారు, చేతిని నరికేశారు. తెల్లవారేసరికి ప్రాణం పోయింది. అప్పటికి ఆయన వయసు ముప్ఫై కూడా నిండలేదు.

మరి యుద్ధం కావాలన్నది ఎవరు? లాతూరు వకీలు ఖాసిం రజ్వీ నడిపిన మజ్లిస్-ఎ-ఇత్తెహాదుల్ ముస్లిమీన్, దాని కింద పనిచేసిన రజాకార్లు. 1947 అక్టోబర్ 27 తెల్లవారుజామున ఈ పార్టీ జనం నాటి ప్రధాని ఛత్తారీ నవాబు, నిజాం న్యాయ సలహాదారు వాల్టర్ మాంక్టన్ తదితరుల ఇళ్లను చుట్టుముట్టి, ఒప్పందం కోసం ఢిల్లీ బయలుదేరిన బృందాన్ని కదలనివ్వలేదు. ఛత్తారీ తప్పుకున్నారు. ఇంజనీరు, పారిశ్రామికవేత్త మీర్ లాయక్ అలీ ప్రధాని అయ్యారు. నవంబర్ 29న ఏడాది పాటు యథాతథ ఒప్పందం కుదిరినా, అది నిలవడానికి కావలసిన రాజకీయాన్ని వీధుల్లోని పార్టీ బతకనివ్వలేదు. ఆ పార్టీ మాటే ప్రభుత్వం మాటగా మారింది.

ఈ పట్టుదలను కాపాడే పని ఎద్రూస్ మీద పడింది. ఆయనది యెమెన్ మూలాల అరబ్ కుటుంబం. మొదటి ప్రపంచ యుద్ధంలో హైదరాబాద్ లాన్సర్లతో పాలస్తీనా రంగంలో పనిచేసిన గుర్రపు దళం సైనికుడు. ఆయన చేతిలో ఉన్నది ఎంత? సాధారణంగా చెప్పే లెక్క ప్రకారం సైన్యం 24 వేల మంది. పూర్తి శిక్షణా, ఆయుధాలూ ఉన్నవారు వాళ్లలో 6 వేలు. యుద్ధ విమానం ఒక్కటీ లేదు. భారత్ దిగ్బంధం పెట్టాక బయటినుంచి ఆయుధాలు రావడానికి మిగిలింది ఆకాశమే. సిడ్నీ కాటన్ అనే ఆస్ట్రేలియా విమాన చోదకుడు రాత్రిపూట కరాచీ నుంచి బీదర్, వరంగల్ విమానాశ్రయాలకు దొంగచాటుగా తుపాకులు మోసుకొచ్చాడు. రెండు లక్షల రజాకార్లు ఉన్నారని చెప్పుకున్నారు కానీ, వాళ్లలో ఎక్కువ మందికి కత్తులూ, బరిసెలూ, నాటు తుపాకులే. కవచ దళం ముందు అవి ఎందుకూ కొరగావు. ఈ సంగతి సైనికుడికి తెలుసు. సభల్లో ఉపన్యాసాలిచ్చినవాళ్లకు తెలుసుకోవాలన్న కోరిక లేదు.

ఒకరి మీద ఒకరు

సెప్టెంబర్ 13 ఉదయమే నల్దుర్గ్ దగ్గర బోరి నది వంతెన చెక్కుచెదరకుండా భారత సైన్యం చేతికి చిక్కింది. షోలాపూర్ దారికి అది తలుపు. ఆ తలుపు తెరుచుకున్నాక వెనకాల చెప్పుకోదగ్గ అడ్డు లేదు. 17న లాయక్ అలీ మంత్రివర్గం రాజీనామా చేసింది, నిజాం కాల్పుల విరమణ ప్రకటించారు.

యుద్ధం ఆగీ ఆగగానే నిందలు మొదలయ్యాయి. 23వ తేదీన నిజాం మీర్ ఉస్మాన్ అలీఖాన్ రేడియోలో మాట్లాడుతూ, రజ్వీ గుంపు బలవంతంగా ఛత్తారీని దింపి, లాయక్ అలీని తన నెత్తిన పెట్టిందని చెప్పుకున్నారు. లాయక్ అలీ 1950 మార్చిలో గృహనిర్బంధం నుంచి తప్పించుకుని పాకిస్తాన్ చేరి, 1962లో 'ట్రాజెడీ ఆఫ్ హైదరాబాద్' ప్రచురించారు. అందులో వేలు సైన్యాధిపతి వైపు చూపించారు. ఎద్రూస్ దగ్గర నిలబడగలిగే యుద్ధ పథకమే లేదన్నది ఆయన ఫిర్యాదు. ఎద్రూస్ హైదరాబాద్ వదిలి బెంగళూరులో చివరి రోజులు గడిపారు. ఆయన జ్ఞాపకాలు 'హైదరాబాద్ ఆఫ్ ద సెవెన్ లోవ్స్' పేరుతో 1994లో, అంటే ఆయన పోయిన చాలా ఏళ్లకు వెలువడ్డాయి. నిందకు ఆయన జవాబు జనానికి అందేసరికి ఒక తరం దాటిపోయింది. అప్పటికే గద్దార్ అన్న మాట పాతబస్తీ కబుర్లలో నాటుకుపోయింది.

ఇక్కడ పార్టీ విమర్శ ఎలా పనిచేస్తుందో స్పష్టంగా చూడవచ్చు. యుద్ధానికి ముందు ఆ పార్టీ వినదలచుకున్న మాట ఒక్కటే, గెలుస్తామని. ఓడాక చెప్పదలచుకున్న మాటా ఒక్కటే, మోసం జరిగిందని. ఈ రెండు మాటల మధ్య అడగవలసిన ప్రశ్న తప్పిపోయింది. ఆరు వేల మందితో ఒక దేశం మీద యుద్ధానికి తెగబడమన్నది ఎవరు? ద్రోహి దొరికితే ఆ ప్రశ్న ఇక ఎవరూ అడగరు. ద్రోహి కథ పుట్టేదే అందుకు.

అడగాల్సినవి వేరే ఉన్నాయి

ఎద్రూస్ మచ్చలేని మనిషి అని నేను వాదించడం లేదు. ఆయన్ని నిలదీయాల్సిన సంగతులు ఉన్నాయి, అవి గద్దార్ అన్న నిందకన్నా ఎంతో బరువైనవి. ఈ యుద్ధం గెలవలేమని తెలిసిన సైన్యాధిపతి ఆ మాట ఎంత గట్టిగా చెప్పారు? చెప్పినా వినకపోతే పదవి ఎందుకు వదల్లేదు? యూనిఫాం వేసుకున్న సైన్యం పక్కనే యూనిఫాం వేసుకున్న పార్టీ గుంపు ఊళ్ల మీద పడి దోచుకుంటుంటే చూస్తూ ఎలా ఊరుకున్నారు? 1948 ఆగస్టు 27న బైరాన్‌పల్లిలో రజాకార్లు, నిజాం బలగాలు కలిసి పదుల మంది గ్రామస్తులను చంపారు. ఆ నెత్తురుకు రాజ్య సైన్యాధిపతి జవాబుదారీ కాదా?

ఇవి ఆయన పని గురించిన ప్రశ్నలు. బైరాన్‌పల్లి వాళ్లు అడిగి ఉంటే ఇవే అడిగేవారు. ఆయన్ని తిట్టిన పార్టీ మాత్రం వీటిలో ఒక్కటీ అడగలేదు, అడగజాలదు కూడా. అడిగితే మొదటి వేలు రజాకార్ల మీదే లేచేది. సైనిక నాయకుణ్ని విమర్శించే మాట నిజమైనదో, పార్టీ అవసరం కోసం పుట్టిందో తేల్చడానికి నాకు తెలిసిన గుర్తు ఇదే. నిజమైన విమర్శ అడిగినవాడి దగ్గర కూడా జవాబు కోరుతుంది. పార్టీ విమర్శ అడిగినవాడిని వదిలేసి తక్కిన వాళ్లందరి మీదా పడుతుంది.

గెలిచిన జనరల్‌కు ప్రశ్నలే లేవు

ఓడినవాడిని తిట్టడం ఎంత తేలికో, గెలిచినవాడిని ప్రశ్నించడం అంత కష్టం. చౌదరి సైనిక గవర్నర్‌గా 1949 చివరిదాకా హైదరాబాద్‌ను పాలించారు. సైనిక చర్య జరుగుతుండగానూ, ఆ తరువాతా మరాఠ్వాడా జిల్లాల్లో, మరికొన్ని చోట్ల ముస్లింల మీద ఊచకోత సాగింది. నెహ్రూ పంపిన పండిట్ సుందర్‌లాల్, ఖాజీ అబ్దుల్ గఫార్‌ల బృందం ఆ ఊళ్లు తిరిగి, కనీసంగా వేసుకున్నా 27 వేల నుంచి 40 వేల మంది చనిపోయి ఉంటారని అంచనా వేసింది. కొన్నిచోట్ల సైనికులు, పోలీసులు కూడా లూటీల్లో పాల్గొన్నారని రాసింది. ఆ నివేదిక దశాబ్దాల పాటు ప్రజల కంటికి అందలేదు. రజ్వీ రగిల్చిన మంటకు అడ్డంగా నిలబడలేని పేద రైతులూ, చేతిపనివాళ్లూ మూల్యం చెల్లించారు. వాళ్ల తరఫున గెలిచిన సైన్యాన్ని ఏ పార్టీ అడగాలి? ఎవరూ అడగలేదు.

ఈ చౌదరే 1962 నవంబర్‌లో చైనా చేతిలో దేశం చిత్తుగా ఓడినప్పుడు ఆర్మీ చీఫ్ అయ్యారు. అంతకు మూడేళ్ల ముందు జనరల్ తిమ్మయ్య రక్షణ మంత్రి కృష్ణ మీనన్‌తో పొసగక రాజీనామా ఇస్తే, నెహ్రూ దాన్ని వెనక్కి తీసుకోమని ఒప్పించి, తరువాత పార్లమెంటులో ఆయన్నే తప్పుపట్టారు. యుద్ధం వచ్చాక పదవుల నుంచి మీనన్ పోయారు, ఆర్మీ చీఫ్ థాపర్ పోయారు, ఈశాన్యంలో దళాలను నడిపిన కౌల్ పోయారు. ఎవరి తప్పెంతో తేల్చడానికి చౌదరి వేసిన హెండర్సన్ బ్రూక్స్–భగత్ విచారణ సైనిక కార్యకలాపాలకే పరిమితం. పై నుంచి వచ్చిన రాజకీయ నిర్ణయాల గడప అది దాటలేదు. 1963లో అందిన ఆ నివేదికను ప్రభుత్వాలు ఎన్ని మారినా ఇంతవరకూ అధికారికంగా బయటపెట్టలేదు. ప్రతిపక్షంలో ఉన్నప్పుడు బయటపెట్టమన్నవాళ్లు అధికారంలోకి వచ్చాక తలుపు వేశారు. 1965 యుద్ధంలో బియాస్ నది వెనక్కి తగ్గుదామని చౌదరి సూచించారనీ, తాను ఒప్పుకోలేదనీ పశ్చిమ కమాండ్ నడిపిన హర్‌బక్ష్ సింగ్ చెప్పుకున్నారు. నిందలు ఆయన దాకా కూడా వచ్చాయి.

వేరే దేశాల్లోనూ అంతే

అమెరికా అంతర్యుద్ధంలో 1861 అక్టోబర్‌లో బాల్స్ బ్లఫ్ దగ్గర ఓటమి ఎదురైంది. కాంగ్రెస్‌లో వేసిన యుద్ధ నిర్వహణ సంఘం బ్రిగేడియర్ జనరల్ ఛార్లెస్ స్టోన్ విధేయతను శంకించింది. 1862 ఫిబ్రవరిలో ఆయన్ని పట్టుకుపోయి ఆరు నెలలు జైల్లో ఉంచారు, ఒక్క అభియోగమూ పెట్టలేదు. ఆ యుద్ధంలో ఓటమికి కారణాలు చాలా ఉన్నా, విధేయత అన్న ఒక్క మాట ముందు అవన్నీ వెనక్కి పోయాయి. 2007 సెప్టెంబర్ 10న ఇరాక్ యుద్ధం గురించి జనరల్ డేవిడ్ పెట్రేయస్ కాంగ్రెస్ ముందు మాట్లాడబోతున్న రోజునే, ఆయన పేరును ద్రోహం అనే అర్థం వచ్చేలా విరిచిన పూర్తి పేజీ ప్రకటన న్యూయార్క్ టైమ్స్‌లో వచ్చింది. యుద్ధాన్ని వ్యతిరేకించినవారికి బలమైన కారణాలు ఉన్నాయి. కానీ ఆ వారమంతా చర్చ ఇరాక్ మీద కాకుండా ఆ ప్రకటన మీద జరిగింది. యుద్ధాన్ని సమర్థించినవారికి అంతకన్నా కావలసింది ఏముంది?

మన పొరుగునే 1990 మార్చిలో శ్రీలంక నుంచి శాంతిదళం చెన్నైలో దిగినప్పుడు, తమిళనాడు ముఖ్యమంత్రి కరుణానిధి స్వాగతానికి వెళ్లలేదు. దాదాపు 1,200 మంది సైనికులను పోగొట్టుకుని వచ్చిన దళం అది. ఆ దళాన్ని పంపిన నిర్ణయం ఢిల్లీది. కోపం వెళ్లాల్సింది అక్కడికి.

ముందు అడగవలసిన మాట

తెలంగాణలో సెప్టెంబర్ 17 విమోచనమని ఒక పార్టీ, సమైక్యతా దినమని ఇంకో ప్రభుత్వం, ప్రజాపాలన దినమని మరో ప్రభుత్వం పేరు పెట్టుకున్నాయి. ఒక్కో పార్టీ ఆ రోజు తనకు నచ్చిన జనరల్‌కు దండ వేస్తుంది, నచ్చని జనరల్‌ను దోషిని చేస్తుంది. ఎద్రూస్ ద్రోహి అన్నా, చౌదరి దేవుడన్నా ఆ కథల్లో షోయబుల్లాకూ, బైరాన్‌పల్లికీ, మరాఠ్వాడా పల్లెల్లో చచ్చిపోయిన వేలమందికీ చోటు ఉండదు.

సైనిక నాయకులు విమర్శకు అతీతులు అనడం ప్రజాస్వామ్యానికి తగని మాట. జనరల్‌ను ప్రశ్నించలేని దేశంలో సైనికుడి ప్రాణానికి విలువ ఉండదు. ప్రశ్నించే పద్ధతి మాత్రం మారాలి. పెద్దలు అడిగిందేమిటి, జనరల్ ఇచ్చిన సలహా ఏమిటి, ఆయన చేతికి ఇచ్చిందేమిటి, ఆ ఉన్నదానితో ఆయన చేసిందేమిటి, ఆయన మనుషులు ఊళ్లలో ఏం చేశారు? ఈ వరసలో అడిగితే, జవాబు మంత్రిదైనా సరే, సేనాపతిదైనా సరే, దాక్కోవడానికి వీలుండదు. వాడు మనవాడేనా అన్న ప్రశ్న ముందుకు తెచ్చిన రోజున ఆ జవాబులన్నీ అడుగున పడిపోతాయి, యుద్ధాన్ని తెచ్చినవాళ్లు మన మధ్యే తలెత్తుకు తిరుగుతారు. 1962 నివేదికనైనా ఇప్పుడు బయటపెట్టమని మనం గట్టిగా అడగాలి. అరవై ఏళ్ల కిందటి ఓటమి లెక్క చూపించలేని ప్రభుత్వాలు, రేపటి యుద్ధంలో ఎవరో ఒక సేనాపతిని ముందుకు నెట్టి తప్పించుకోవడానికి ఇప్పటి నుంచే సిద్ధంగా ఉన్నట్టు లెక్క.