సీమలో కంపెనీ, ఇంటిలో సంతకము

ఇంటి మగవారు కాగితము తెచ్చి “ఇచ్చట సంతకము చేయుము” అన్నచో, చదువు వచ్చిన యిల్లాలు సైతము చదువకయే సంతకము చేయుట మనలో ఆచారమైపోయినది. పొలము క్రయపత్రమైనచో సర్వే నంబరైనను అడుగుదుము. పరదేశమున పెట్టిన కంపెనీ కాగితమైనచో అదియు నడుగము. నేడు మక్తల్, నారాయణపేట ప్రాంతముల బిడ్డలును అమెరికాకును గల్ఫు దేశములకును పోవుచున్నారు; ఉద్యోగముతో తృప్తిపడక వ్యాపారము పెట్టువారును కలరు. అట్టి కాగితము ఏనాడైన మన గడప త్రొక్కవచ్చును. అందుచేత కంపెనీకి యజమాని యెవరు, ఆ పేరు దాచుట యెంతవరకు న్యాయము, పన్ను ఎచ్చట చెల్లింపవలయును అను మూడు సంగతులను సోదరీమణులకు విన్నవింపదలచినాము.

ఇది మన ప్రాంతమునకు క్రొత్త కథ కాదు. 1871లో కింగ్ అను భూగర్భశాస్త్రజ్ఞుడు ఇల్లెందు చెంత బొగ్గును కనుగొనెను. నైజాము ప్రభుత్వము గనుల హక్కును వాట్సన్, స్టూవర్టు అను ఇద్దరు ఆంగ్లేయుల కొసగగా, 1886లో ఇంగ్లండునందు ‘హైదరాబాదు దక్కను కంపెనీ’ ఏర్పడెను. మక్తలునకు కృష్ణ ఆవలి యొడ్డున, రాయచూరు సీమలో బంగారము వెదకినదియు ఈ కంపెనీయే. దాని మూలధనము పేరునకు పది లక్షల పౌనులు. అందు రొక్కముగా వచ్చినది కొంచెము. వాటాలలో అత్యధికభాగము, సొమ్ము చెల్లినట్లే వ్రాసి, హక్కు పొందినవారికే యిచ్చిరి.

అటుపిమ్మట నైజాము ప్రభుత్వము ఆ కంపెనీ వాటాలను తన ఖజానా సొమ్ముతో కొనెను. అవి బజారులో దొరకిన వాటాలని ప్రభుత్వము నమ్మినది. అమ్మినవాడు తన ఉద్యోగియే, ప్రభుత్వము పక్షమున బేరము నడిపిన అబ్దుల్ హక్ గారే, అని తరువాత తేలెను. 1888లో బ్రిటిషు పార్లమెంటు సంఘము దీనిని విచారించెను. ఆయన కొలువు పోయెను. నాటి నైజాము మహబూబ్ అలీ ఖాను. పాలమూరునకు 1890లో మహబూబ్‌నగరమని పేరు వచ్చినది ఆయన పేరిటనే. ఆ ఖజానా నిండినది రైతులు కట్టిన శిస్తుతోనని వేరుగ చెప్పనక్కరలేదు.

అంత పెద్ద ప్రభుత్వము ఎట్లు మోసపోయెను? ఇంగ్లండులో 1862 నాటి కంపెనీల చట్టము ప్రకారము ప్రతి కంపెనీయు వాటాదారుల పట్టిక నుంచవలయును. రుసుము చెల్లించి యెవరైనను చూడవచ్చును. కాని ఒకరి వాటాను వేరొకరి కొరకు పట్టియున్నచో, ఆ సంగతిని పట్టికలో వ్రాయరాదని ఆ చట్టమే శాసించెను. పెండ్లిలో అరువు నగ పెట్టుకొన్న పడుచును తలచుకొనుడు. చూచువారికి మెడ కనబడును. నగ యెవరిదో కనబడదు. కంపెనీ పట్టికయు నట్టిదే. పేరు గలవాడు వేరు, లాభము తినువాడు వేరు కావచ్చును. మనము బినామీ యనునది దీనినే.

అయితే పేరు దాచుకొనుట యెల్ల దోషమని మేము చెప్పము. ఇంటనుండి వ్యాపారము చేయు స్త్రీ తన చిరునామా ఊరివారికెల్ల తెలియరాదని కోరుట తప్పు కాదు. దొంగలకును దాయాదులకును వెరచి ఆస్తిని చాటుకొనని వారును కలరు. వీధికి దాచుట వేరు. సర్కారుకు దాచుట వేరు. ఈ రెంటికిని నడుమనున్న గీతను గుర్తింపవలయును.

లోకమందలి చట్టములును ఆ గీతనే వెదకుచున్నవి. 2016లో పనామా దేశపు న్యాయవాదుల సంస్థనుండి కోటికి పైగా కాగితములు బయటపడి, అనేక దేశముల ధనికుల చాటు కంపెనీలు వెల్లడియయ్యెను. ఆ యేడే బ్రిటనులో, నూటికి 25 వంతులకు మించిన వాటా గల నిజయజమానుల పేర్లు బహిరంగ పట్టికలో చేర్చుట మొదలాయెను. మన దేశమున 2018 నిబంధనల ప్రకారము, నూటికి 10 వంతులు గల నిజయజమాని తన్ను తెలుపుకొనవలయును. అమెరికా 2024లో అట్టి చట్టమును అమలుకు తెచ్చి, 2025 మార్చిలో స్వదేశపు కంపెనీలను దానినుండి విడిచిపెట్టెను. అంతమాత్రమున అచ్చటి పన్నుల శాఖ కన్ను మూసికొనలేదు. పరదేశీయుడొక్కడే యజమానిగా గల చిన్న కంపెనీ సైతము ఏటేట తెలుపవలసిన వివరములు తెలుపనిచో 25,000 డాలర్ల జుల్మానా కలదు.

ఇక పన్ను మాట. కంపెనీ ఎచ్చట పుట్టినదో అచ్చటనే పన్ను అని పలువురి నమ్మకము. 1906లోనే బ్రిటిషు ప్రభువుల సభ దీనిని త్రోసివేసెను. డిబీర్సు అను వజ్రముల కంపెనీ దక్షిణాఫ్రికాలో నమోదైనది; గనులును అచ్చటనే. అయినను దానిని నడిపించు ముఖ్య నిర్ణయములు లండనులో జరుగుచున్నవి గావున, అచ్చటను పన్ను కట్టవలెనని తీర్పు. 2016-17 నుండి మన ఆదాయపు పన్ను చట్టమును ఇట్టి సూత్రమునే స్వీకరించినది. ఏటికి 50 కోట్ల రూపాయలకు మించని రాబడి గల కంపెనీలకు దానిని వర్తింపజేయమని 2017లో తెలిపిరి. దుబాయిలో పన్నే లేదను మాటయు పాతబడినది. 2023 జూను నుండి అచ్చట 3,75,000 దిర్హములకు మించిన లాభముపై నూటికి 9 వంతుల పన్ను కలదు.

మన గృహములకు ముఖ్యమైనది 2015 నాటి నల్లధనపు చట్టము. మన దేశమున స్థిరముగ నివసించువారు పరదేశమునందలి వాటాను, బ్యాంకు ఖాతాను తమ రిటర్నులో చూపవలయును. వేరు ఆదాయము లేకున్నను రిటర్ను వేయవలయును. భర్త తన సొమ్ముతో భార్య పేరిట వాటా కొన్నను, ఆమె పేరున్నది గావున ఆమెయు చూపవలసినదే. చూపనిచో 10 లక్షల జుల్మానా. స్థిరాస్తి కాక, మొత్తము 20 లక్షలకు మించని ఆస్తుల విషయమున 2024 అక్టోబరు నుండి దీనిని సడలించిరి. లెక్కకు రాని సొమ్ముతో కొన్నదని తేలినచో శిక్ష మరింత ఘోరము. ఆస్తి విలువ కోటి యనుకొనుడు. పన్ను 30 లక్షలు. దానికి మూడింతలు జుల్మానా 90 లక్షలు. మొత్తము కోటి యిరువది లక్షలు. ఆస్తి యంతయు నమ్మినను అప్పు తీరదు. 2017 నుండి అనేక దేశముల బ్యాంకులందలి ఖాతాల వివరములు మన పన్నుల శాఖకు ఏటేట అడుగకయే చేరుచున్నవి.

పన్నుకంటె పెద్ద భయము వేరొకటి కలదు. పట్టికలో పరాయివాని పేరుండి, నిజయజమాని యగు భర్త హఠాత్తుగ మరణించినచో, ఆ యిల్లాలు ఏ కాగితము చూపి తన హక్కును నిలుపుకొనగలదు? లోకమునకు దాచిన రహస్యము తుదకు భార్యాబిడ్డలకే దాచినట్లగును.

కావున సంతకమునకు ముందు, మొగమాటము విడిచి, కొన్ని ప్రశ్నలు అడుగుడు. కంపెనీ ఏ దేశమున, ఏ పేరున, ఏ నంబరున ఉన్నది? నేను పేరునకు యజమానినా, నిజముగనా? సొమ్ము ఏ బ్యాంకుద్వారా పోయినది? ఒక్కొక్కరు ఏటికి 2,50,000 డాలర్లవరకు పంపవచ్చునని రిజర్వు బ్యాంకు నియమము గదా, నా పేరిట ఎంత పంపితిరి? రిటర్నులో చూపితిరా? కాగితముల నకళ్లు ఇంట నెచ్చటనున్నవి? జవాబులను తేదీతో వ్రాసి, పొలము పట్టాలతోపాటు భద్రపరచుడు. సందేహమున్నచో పన్ను లెక్కలు చూచు చార్టర్డు అకౌంటెంటును మీరే స్వయముగ అడుగుడు.

ఇల్లెందు బొగ్గు కథయును వినుడు. 1920 డిసెంబరు 23న ఆ గనులు హైదరాబాదు చట్టము క్రింద నమోదైన సింగరేణి కాలరీసు కంపెనీకి చేరెను. 1945లో నైజాము ప్రభుత్వము అధికభాగము వాటాలను కొనెను. నేడందు నూటికి 51 వంతులు తెలంగాణ రాష్ట్రమువి, 49 కేంద్రమువి. యజమాని యెవరని బడిపిల్ల యడిగినను చెప్పవచ్చును. మన యింటి కంపెనీ విషయమునను, ఇంటి ఆడుబిడ్డ యడిగినచో అంత సూటిగ జవాబు చెప్పగలుగవలయును.