కెమెరా రెడీ.. మరి సిగ్గు సంగతేంటి? ఫోన్‌తో స్ట్రీట్ ఫోటోగ్రఫీ ఇలా మొదలుపెట్టండి

నా కెమెరా రివ్యూలన్నీ ఒకసారి వరసగా చూసిన ఫ్రెండ్ ఒకడు అడిగాడు.. "అరే, నీ శాంపిల్ ఫోటోల్లో మనుషులే ఉండరేంట్రా?"

వెనక్కి వెళ్లి చూసుకుంటే నిజమే. దుర్గం చెరువు కేబుల్ బ్రిడ్జి, మా మేడ మీద మందార మొక్క, ప్లేట్లో బిర్యానీ. మనిషి అంటూ ఉన్నది మా ఆఫీస్ కొలీగ్ ఒక్కడే. ప్రతి ఫోన్‌కీ పోర్ట్రెయిట్ ఇచ్చి ఇచ్చి వాడి మొహంలో విసుగు కూడా ఫోన్ ఫోన్‌కీ పెరుగుతోంది! హైదరాబాద్ లాంటి ఊళ్లో ఉంటూ, చేతిలో ఎప్పుడూ ఏదో ఒక కొత్త ఫోన్ పెట్టుకుని, రోడ్డు మీద ఒక్క మనిషిని కూడా ఫోటో తీయలేదు నేను.

కారణం టెక్నికల్ కాదు, సిగ్గు. తెలియనివాళ్ల వైపు ఫోన్ ఎత్తగానే "ఏయ్, ఎందుకు తీస్తున్నావ్?" అంటారేమో అని చెయ్యి వణుకుతుంది. ఆ వణుకుని ఏ ఓఐఎస్ కూడా ఆపలేదు. మీలో చాలామందికి ఇదే సమస్య ఉంటుందని నాకు తెలుసు. అందుకే కొన్ని వారాలు పొద్దున్నే లేచి రోడ్ల మీద పడ్డాను. ఈ ఆర్టికల్‌లో సెట్టింగ్స్ కూడా చెప్తాను, కానీ ముందు నేను చేసిన ఒక తప్పు గురించి చెప్పాలి.

జూమ్ ఉంది కదా అని..

సిగ్గున్నవాడికి మొదట వచ్చే ఐడియా ఏంటి? దూరంగా నిలబడి జూమ్‌తో తీసేయడం. నేనూ అదే చేశాను. రివ్యూకి వచ్చిన ఫోన్‌లో 5ఎక్స్ టెలిఫోటో ఉంది. ఒక పూల మార్కెట్‌కి వెళ్లాను. ఏ మార్కెట్టో చెప్పను, ఎందుకో కాసేపట్లో మీకే అర్థమవుతుంది. పొద్దున ఆరున్నర, పక్క నుంచి వెలుగు పడుతోంది. ఒక పెద్దావిడ మల్లెపూలు కడుతూ పక్కావిడతో ఏదో మాట్లాడి నవ్వింది. స్తంభం చాటు నుంచి క్లిక్ చేశాను. అప్పటిదాకా నా ఫోన్లలో నేను తీసిన ఫోటోలన్నిటిలో అదే బెస్ట్. నిజంగా చెప్తున్నా.

ఆవిడ చూసేసింది. చెయ్యెత్తి పిలిచింది.

"ఏం తీసినవ్ బిడ్డా? చూపియ్."

చూపించాను. తిడుతుందనుకున్నా, తిట్టలేదు. కొంచెంసేపు స్క్రీన్ వైపే చూసి మెల్లగా అంది.. "తీసెయ్ బిడ్డా. మా పిల్లకు సంబంధం చూస్తున్నం. నేను ఇట్ల మార్కెట్ల కూసుంటనని వాళ్లకు చెప్పలే."

"సారీ అమ్మా" అని ఆవిడ ముందే డిలీట్ కొట్టాను. ఆవిడ తల ఊపి మళ్లీ పూలల్లో పడింది. కథ అక్కడితో అయిపోలేదు. ఇంటికొచ్చి ల్యాప్‌టాప్‌లో గూగుల్ ఫోటోస్ ఓపెన్ చేస్తే మొదట కనిపించిన ఫోటో అదే. నేను డిలీట్ చేసింది ఫోన్ కంపెనీ ఇచ్చిన గ్యాలరీ యాప్‌లో. ఈలోపే మొబైల్ డేటా మీద బ్యాకప్ అయిపోయింది. అంటే ఆవిడ కళ్ల ముందు నేను చేసింది ఉత్తి నటన అన్నమాట.

ఇది గ్యాడ్జెట్స్ మీద ఇంట్రెస్ట్ ఉన్న మనం కచ్చితంగా తెలుసుకోవాల్సిన విషయం. ఫోన్ గ్యాలరీలో డిలీట్ చేసిన ఫోటో చాలా ఫోన్లలో 30 రోజులు ట్రాష్‌లో ఉంటుంది. ఐఫోన్‌లో కూడా రీసెంట్లీ డిలీటెడ్ అనే ఫోల్డర్‌లోకి వెళ్తుంది. గూగుల్ ఫోటోస్‌లో బ్యాకప్ అయిన ఫోటోని అక్కడే డిలీట్ చేసినా 60 రోజులు ట్రాష్‌లోనే ఉంటుంది. కాబట్టి ఎవరైనా తీసేయమంటే గ్యాలరీలో తీసేయండి, ట్రాష్ ఖాళీ చేయండి, తర్వాత క్లౌడ్‌లో కూడా చూడండి. స్ట్రీట్‌కి వెళ్లే రోజు ఆటో బ్యాకప్ ఆఫ్ చేసుకోవడం ఇంకా మంచిది. ఇంటికొచ్చి, ఏది ఉంచాలో ఏది తీసేయాలో చూసుకున్నాక ఆన్ చేసుకోవచ్చు. మోషన్ ఫోటో కూడా ఆఫ్ చేయండి. మీరు తీసింది ఒక్క ఫ్రేమే అనుకుంటారు, కానీ దాంతోపాటు రెండు మూడు సెకన్ల వీడియో, కొన్ని ఫోన్లలో వాళ్ల మాటలు కూడా సేవ్ అవుతాయి. లొకేషన్ ట్యాగ్ సంగతి సరేసరి, ఆఫ్‌లోనే ఉండనివ్వండి.

ఆ రోజు నాకు ఇంకోటి కూడా తెలిసింది. నన్ను దొంగలా కనిపించేలా చేసింది కెమెరా కాదు, స్తంభం చాటున దాక్కోవడం. దాక్కున్నవాడిని చూస్తే ఎవరికైనా అనుమానమే వస్తుంది. రోడ్డు పక్కన బండి పెట్టుకున్నవాళ్లకైతే ఇంకా భయం, "మున్సిపాలిటీ నుంచి వచ్చినవా?" అని నన్ను ఇద్దరు అడిగారు. మన భయం వాళ్లు తిడతారేమోనని, వాళ్ల భయం వాళ్ల బతుకుతెరువు పోతుందేమోనని. రెండూ ఒకటి కావు.

ముందు చోటు, తర్వాత మనిషి

జూమ్ మానేశాక నాకు బాగా పనిచేసింది ఒకటుంది. మనుషుల వెంట పడకుండా, ముందు ఒక బ్యాక్‌గ్రౌండ్ వెతుక్కుని అక్కడే ఆగిపోవడం. మొజంజాహీ మార్కెట్ తెలుసుగా? 1935లో కట్టిన రాతి భవనం, పైన గడియారం. సాయంత్రం ఎండ ఏటవాలుగా పడుతున్నప్పుడు అక్కడి కమాన్ల కింద సగం వెలుగు, సగం నీడ. అలాంటి ఒక కమాను ఎదురుగా, అందరికీ కనిపించేలా, ఫోన్ చేతిలో పట్టుకుని నిలబడండి. ఫ్రేమ్ సెట్ చేసుకుని ఎదురుచూడండి. మీరు ఎవరి దగ్గరికీ వెళ్లట్లేదు, వాళ్లే మీ ఫ్రేమ్‌లోకి నడిచి వస్తున్నారు. కొంతమంది మీరు తీస్తున్నారని చూసి ఆగుతారు, "రండి రండి పర్లేదు" అంటే నవ్వి దాటిపోతారు. సిగ్గు సగం ఇక్కడే పోతుంది. నాకైతే మొదటి పావుగంట గుండె దడ, తర్వాత కాలు నొప్పి మాత్రమే.

రెండో మెట్టు అడగడం. దీనికి ఆదివారం అబిడ్స్‌లో ఫుట్‌పాత్ మీద పాత పుస్తకాలు అమ్మే చోటు కంటే మంచిది నాకు కనిపించలేదు. అక్కడ ఎవరికీ తొందర ఉండదు, మాట కలపడానికి ప్రతి రెండడుగులకీ ఒక పుస్తకం ఉంటుంది. చార్మినార్ పక్కన లాడ్ బజార్‌లో లక్క గాజులు చేసేవాళ్లు కూడా అంతే, వాళ్ల పని గురించి అడిగితే సంతోషంగా చెప్తారు. హైదరాబాద్ లక్క గాజులకి 2024లో జీఐ ట్యాగ్ కూడా వచ్చింది, ఆ మాటతోనే మొదలుపెట్టొచ్చు. అడగడానికి పెద్ద డైలాగ్ ఏమీ అక్కర్లేదు. "అన్నా, నీ పని చేస్తుంటే ఒక ఫోటో తీసుకోనా?" చాలు. పాతబస్తీలో "భాయ్, ఏక్ ఫోటో లేలూఁ?" అన్నా చాలు. ఎక్కువమంది సరే అన్నారు. వద్దన్నవాళ్లు కూడా చెయ్యి ఊపి మళ్లీ పనిలో పడ్డారు, అంతే. నేను ఇన్నేళ్లు ఊహించుకున్న గొడవ ఎక్కడా జరగలేదు.

కాకపోతే అడిగితే ఒక చిక్కుంది. అందరూ ఆధార్ ఫోటోకి కూర్చున్నట్టు బిగుసుకుపోతారు. అప్పుడు ఆ బిగుసుకున్న ఫోటోనే ముందు తీయండి. స్క్రీన్ మీద చూపించండి. "వాట్సాప్‌లో పంపిస్తా" అనండి, పంపండి కూడా (పంపకపోతే తర్వాత ఆ వీధికి వచ్చే మనలాంటివాళ్లకి నష్టం). ఆ తర్వాత వెంటనే వెళ్లిపోకండి. రెండు నిమిషాలు అక్కడే ఉండండి. వాళ్లు మళ్లీ పనిలో పడతారు, మీరు అక్కడున్న సంగతి మర్చిపోతారు. అసలు ఫోటో అప్పుడు వస్తుంది.

ప్రతిసారీ ముందే అడగాలా అంటే, లేదు. రద్దీ వీధి, వానలో గొడుగులు, బస్టాప్‌లో జనం.. ఇవి దృశ్యాలు, అడిగితే చెదిరిపోతాయి. ఒక్క మనిషి మొహమే ఫోటోకి ప్రాణం అయితే మాత్రం తీసే ముందు అడుగుతాను, లేకపోతే తీసిన వెంటనే చూపిస్తాను. నా లెక్క ఇది. హెన్రీ కార్టియర్ బ్రెసన్ లాంటి పెద్దాయన ఈ లెక్క ఒప్పుకునేవాడు కాదు. ఆయన తన లైకా కెమెరా మెరవకుండా నల్ల టేప్ అంటించుకుని మరీ తిరిగేవాడు. చికాగోలో ఆయాగా పనిచేసిన వివియన్ మేయర్ రోలీఫ్లెక్స్ కెమెరా వాడేది. దాన్ని కడుపు దగ్గర పట్టుకుని, పైనుంచి కిందకి చూస్తూ తీస్తారు. కాబట్టి ఎదుటివాళ్ల మొహానికి కెమెరా అడ్డం రాదు. ఫోన్‌ని ఛాతీ దగ్గర పట్టుకుని తీస్తే మనకీ దాదాపు ఆ యాంగిలే వస్తుంది. ట్రై చేయండి. అయితే వాళ్ల కాలంలో ఫోటో తీసిన ఐదు నిమిషాలకే పెళ్లివారి వాట్సాప్ గ్రూప్‌లోకి వెళ్లే అవకాశం లేదు.

చిన్నపిల్లలుంటే పక్కనున్న పెద్దవాళ్లని అడగకుండా తీయొద్దు. ఫుట్‌పాత్ మీద నిద్రపోతున్నవాళ్లని, ఆసుపత్రి బయట ఏడుస్తున్నవాళ్లని తీసి బ్లాక్ అండ్ వైట్‌లో పెట్టేస్తే ఆర్ట్ అయిపోదు. చట్టం సంగతికొస్తే, మన దేశంలో పబ్లిక్ ప్లేస్‌లో ఫోటో తీయడాన్ని మొత్తంగా నిషేధించే చట్టం ఏదీ లేదు. కానీ 2017లో సుప్రీంకోర్టు ప్రైవసీ ప్రాథమిక హక్కు అని తేల్చింది. మహిళలని ప్రైవేట్ స్థితిలో రహస్యంగా తీయడం భారతీయ న్యాయ సంహిత సెక్షన్ 77 కింద నేరం. మిలిటరీ ఏరియాల జోలికి వెళ్లొద్దు. మెట్రో స్టేషన్లు, మాల్స్‌లో సెక్యూరిటీ వద్దంటే వాదించకండి.

మా టీమ్‌లో అమ్మాయి ఒకరు స్ట్రీట్ తీస్తారు. ఆవిడ చెప్పేది ఏంటంటే, తనకి సిగ్గు కంటే చుట్టూ మూగే మగవాళ్లతోనే ఇబ్బంది ఎక్కువ. అందుకే ఇంకో ఫ్రెండ్‌తో కలిసి వెళ్తారు. మరోవైపు, గాజుల షాపుల లోపల ఆడవాళ్ల మధ్య నన్ను నిలబడనివ్వని చోట ఆవిడకి టీ ఇచ్చి కూర్చోబెడతారు.

సెట్టింగ్స్.. ఇవి చాలు

1ఎక్స్ మెయిన్ కెమెరా. అంతే, ఇంకేమీ ముట్టుకోకండి. చాలా ఫోన్లలో ఇది 23 నుంచి 26 ఎంఎం మధ్య ఉంటుంది. పెద్ద సెన్సార్ ఉండేది దీనికే. ఫోన్ నిలువుగా పట్టుకుని రెండు మీటర్ల దూరంలో నిలబడితే మనిషి తల నుంచి కాళ్ల దాకా వచ్చేస్తాడు. రెండు మీటర్లు అంటే మామూలుగా మాట్లాడుకునే దూరం కంటే కొంచెం ఎక్కువ, అంతే.

పవర్ బటన్ రెండుసార్లు నొక్కితే కెమెరా ఓపెన్ అయ్యేలా పెట్టుకోండి, వాల్యూమ్ బటన్‌ని షట్టర్ చేయండి. బ్యూటీ ఫిల్టర్ ఆఫ్. కొన్ని ఫోన్లలో ఇది మనకి చెప్పకుండానే ఆన్‌లో ఉంటుంది, ముసలాయన ముడతలన్నీ ఇస్త్రీ చేసేస్తుంది! పోర్ట్రెయిట్ మోడ్ కూడా వద్దు. వెనకున్న వీధిని బ్లర్ చేసేస్తే ఇంక అది స్ట్రీట్ ఫోటో ఎలా అవుతుంది?

సాయంత్రమే అసలు పరీక్ష. ఆటోలో వదిలేస్తే ఫోన్ షట్టర్ స్పీడ్ తగ్గించి, నైట్ మోడ్‌లో చాలా ఫ్రేములు కలుపుతుంది. నడిచే మనిషి దయ్యంలా సాగిపోతాడు. నైట్ మోడ్ ఆపేసి ప్రో మోడ్‌లో షట్టర్ 1/250 పెట్టండి. పరిగెత్తే పిల్లలు, బైకులు ఉంటే 1/500. ఐఎస్ఓ 1600 దాకా వెళ్లినా వెళ్లనివ్వండి. కొంచెం గ్రెయిన్ వస్తుంది, పర్లేదు, కదిలిపోయిన ఫోటో కంటే నయం.

షట్టర్ శబ్దం? జపాన్, దక్షిణ కొరియాల్లో అమ్మే ఫోన్లలో మామూలుగా దాన్ని ఆపడం కుదరదు. మన దగ్గర ఆపుకోవచ్చు. నేను ఆన్‌లోనే పెడుతున్నాను. "టక్" మని వినబడితే ఎదుటివాళ్లకి తెలుస్తుంది, నేను కూడా దాక్కోలేను.

మళ్లీ ఆ మార్కెట్‌కి

నెల తర్వాత ఆ పూల మార్కెట్‌కి మళ్లీ వెళ్లాను. ఈసారి నేరుగా ఆవిడ దగ్గరికే వెళ్లి రెండు మూరలు మల్లెపూలు కొన్నాను. క్లౌడ్‌లో కూడా ఆ ఫోటో తీసేశానని చెప్పాలనుకున్నాను. ఎలా చెప్పాలో అర్థంకాక, "అమ్మా, ఆ ఫోటో ఇప్పుడు ఎక్కడా లేదు" అన్నాను. "ఏ ఫోటో?" అంది. గుర్తుచేస్తే నవ్వింది. పూలు కట్టడం ఆపకుండానే అంది, "చేతులు తీస్కో. ముఖం వద్దు."

1ఎక్స్‌లో, మూరెడు దూరం నుంచి తీశాను. ఆవిడ దగ్గర ఉన్నది బటన్ ఫోన్, వాట్సాప్ లేదు. అందుకే మా ఇంటి దగ్గర స్టూడియోలో ఒక ప్రింట్ వేయించి తర్వాతి ఆదివారం తీసుకెళ్లి ఇచ్చాను. ఆ ఫోటో ఇక్కడ పెట్టట్లేదు, పెట్టొచ్చా అని ఆవిడని అడగలేదు కాబట్టి.

ప్రింట్‌ని అటూ ఇటూ తిప్పి చూసి, పక్కావిడకి చూపించింది. "గాజులు మంచిగ వడ్డయి" అంది.