వయస్సును దాచరాదు

మార్కాపురము పలకపై తప్పు వ్రాసినచో తుడిచి దిద్దవచ్చును. బడి రిజిస్టరులోని పుట్టినతేదీ అట్లు కాదు. నన్ను బడిలో వేసిననాడు పంతులుగారు అందాజుగా జూలై 1 అని వ్రాసిరి. నేటికిని అదియే నా జన్మదినము. అది అజ్ఞానము, తెలిసి మార్చుట మోసము.

జిమ్నాస్టిక్సు ఒలింపిక్ పోటీలలో పాల్గొను బాలికకు ఆ సంవత్సరమున 16 ఏండ్లు నిండవలయును. ఎముకలు ముదరక మునుపు మితిమీరిన సాధన దేహమును చెరుచును గదా! 2000 సిడ్నీ క్రీడలలో చైనా బాలిక డోంగ్ ఫాంగ్జియావోకు నిజముగా 14 ఏండ్లే. 2008లో ఆమె క్రీడాధికారిణిగా నమోదైనపుడు 1986 జన్మసంవత్సరముగా కనబడి గుట్టు బయటపడెను. 2010లో ఆ జట్టు కంచుపతకము అమెరికాకు పోయెను. తోడి బాలికల శ్రమయు వ్యర్థమయ్యెను.

కావున బిడ్డ పుట్టిన 21 దినములలోపల జననము నమోదు చేయింపుడు. నిజమైన తేదీయే బిడ్డకు మొదటి రక్ష.