తెరకు వేసిన తాళం

కంప్యూటరు ముందు పనిచేసే ఉద్యోగి మధ్యలో లేచి వెళ్ళవలసి వస్తే యంత్రాన్ని ఆపివేయడు. తెరకు తాళం వేసి వెళతాడు. తెర మీద ఒక గడియారమో, ప్రకృతి దృశ్యమో మిగులుతుంది. తిరిగి వచ్చి పాస్‌వర్డు కొడితే విడిచిన చోటు నుండే పని మొదలవుతుంది. ఆ దృశ్యం వెనుక ఒక వైద్యుని దగ్గరికి వచ్చిన రోగుల వివరాలు ఉండవచ్చు. ఇంకా ముద్రణకు వెళ్ళని ప్రశ్నపత్రం ఉండవచ్చు. తాళాన్ని నమ్మి అతడు వెళ్ళాడు. ఆ నమ్మకం నిలవడం, వినడానికి విచిత్రంగా ఉన్నా, ఆ తాళం మెమరీని ఎంత జాగ్రత్తగా వాడుకుంటున్నదనే దాని మీద కూడా ఆధారపడి ఉంటుంది.

లినక్స్ కంప్యూటర్లలో చాలాకాలం తెర వ్యవహారమంతా ఎక్స్ విండో అనే వ్యవస్థ చూసింది. అది 1984లో అమెరికాలోని మసాచుసెట్స్ సాంకేతిక విద్యాసంస్థలో పుట్టింది. 1987లో వెలువడిన పదకొండవ రూపం తరువాతి కాలంలో స్థిరపడింది. తెరకు తాళం వేయడమనే ప్రత్యేకమైన ఏర్పాటు ఇందులో లేదు. తాళం పని చేసేది కూడా మిగిలిన వాటి వంటి ఒక మామూలు ప్రోగ్రామే. అది తెరనంతటినీ కప్పే ఒక విండోను తెరచి, కీబోర్డు, మౌసుల నుండి వచ్చే సంకేతాలన్నీ తనకే చేరేటట్లు పట్టి ఉంచుతుంది. అంటే తలుపుకు తాళం పడలేదు. గుమ్మానికి అడ్డంగా ఒక కాపలాదారు నిలబడ్డాడు. అతడు స్పృహ తప్పి పడిపోతే గుమ్మం తెరచే ఉంటుంది. ప్రోగ్రాము ఏ కారణం చేత ఆగిపోయినా ఎక్స్ దాని విండోను తొలగిస్తుంది, దాని పట్టును విడిపిస్తుంది. వెనుక ఉన్నదంతా పాస్‌వర్డు అడగకుండానే బయటపడుతుంది. తాళం వేసితిని గొళ్ళెం మరచితిని అన్న సామెత ఇక్కడ చక్కగా సరిపోతుంది.

కాపలాదారు పడిపోవడానికి గల కారణాలలో చడీచప్పుడు లేకుండా వచ్చేది మెమరీ లీకు. ప్రోగ్రాము పనిచేస్తున్నప్పుడు తనకు కావలసిన స్థలాన్ని ఆపరేటింగ్ సిస్టమ్‌ను అడిగి తీసుకుంటుంది. సి భాషలో స్థలం అడగడానికి మాలాక్, తిరిగి ఇవ్వడానికి ఫ్రీ అనే ప్రమేయాలు ఉన్నాయి. తీసుకున్న ప్రతిదానినీ తిరిగి ఇచ్చే బాధ్యత ప్రోగ్రాము రాసినవారిదే. నిజానికి లీకు అన్న మాట కొంత తప్పుదారి పట్టిస్తుంది. చిల్లికుండలో నీరు కారినట్లు ఇక్కడ ఏదీ బయటికి పోదు. గ్రంథాలయం నుండి పుస్తకాలు తెచ్చుకొని, ఎక్కడ పెట్టిందీ మరచిపోయి, మళ్ళీ మళ్ళీ కొత్తవి తెచ్చుకొనే పాఠకుని వంటిది ఈ దోషం. పుస్తకాలు అతని ఇంట్లోనే ఉన్నాయి. అతనికి ఉపయోగపడవు, ఇతరులకు దొరకవు. అతని సభ్యత్వం ముగిసిన నాడు గ్రంథాలయం అన్నింటినీ వెనక్కి తీసుకుంటుంది. ప్రోగ్రాము ముగిసినప్పుడు ఆపరేటింగ్ సిస్టమ్ చేసేదీ అదే. అందువల్ల రెండు నిమిషాలలో ముగిసే ప్రోగ్రాములో లీకు ఉన్నా ఎవరికీ తెలియదు.

తెర తాళం అటువంటిది కాదు. అది గంటల తరబడి, ఎవరూ చూడని సమయంలో పనిచేస్తుంది. 1920 చుక్కల వెడల్పు, 1080 చుక్కల ఎత్తు గల తెరను తీసుకుందాం. చుక్క ఒక్కింటికి 4 బైట్ల చొప్పున ఒక నిండు చిత్రానికి 82,94,400 బైట్లు కావాలి. గడియారంలో నిమిషం మారిన ప్రతిసారీ కొత్త చిత్రం తయారుచేసి, పాతదానిని వదలడం మరచిపోయే ప్రోగ్రాము గంటకు దాదాపు 50 కోట్ల బైట్లు మింగుతుంది. 8 గిగాబైట్ల మెమరీ గల యంత్రంలో మరే పనీ జరగకపోయినా 16 గంటలలో అంతా నిండిపోతుంది. శుక్రవారం సాయంత్రం 6 గంటలకు వేసిన తాళానికి శనివారం ఉదయం 10 గంటలకు గండం వస్తుందన్నమాట. మరచిపోయింది ఒక్క వాక్యం మాత్రమే.

మెమరీ నిండిపోయినప్పుడు లినక్స్ ఒక కఠినమైన నిర్ణయం తీసుకుంటుంది. యంత్రమంతా స్తంభించకుండా ఒక ప్రోగ్రామును బలి ఇస్తుంది. నడుస్తున్న వాటికి అవి వాడుతున్న మెమరీని బట్టి మార్కులు వేసి, ఎక్కువ వచ్చిన దానిని ఆపివేస్తుంది. లీకు ఉన్న తాళమే అందులో ప్రథమశ్రేణిలో నిలుస్తుంది! అది ఆగిపోగానే మెమరీ ఖాళీ అవుతుంది, యంత్రం కులాసాగా ఉంటుంది, తెర మాత్రం తెరచి ఉంటుంది. కొన్నిసార్లు ఆ చిత్రాలు తాళం దగ్గర కాక ఎక్స్ దగ్గర పేరుకుంటాయి. అప్పుడు బలి అయ్యేది ఎక్స్. రహస్యం బయటపడదు గాని, తెరచి ఉన్న ప్రోగ్రాములన్నీ మూతపడి, భద్రపరచని పని అంతా పోతుంది.

ఈ గండం తెలిసినవారు కొన్ని జాగ్రత్తలు తీసుకున్నారు. ప్రోగ్రాముకు వచ్చే మార్కులను సవరించడానికి లినక్స్‌లో ఒక అంకె ఉన్నది. దానిని -1000గా ఉంచితే ఆ ప్రోగ్రామును బలికి ఎంచుకోరు. ఎస్‌లాక్ అనే చిన్న తాళం ఈ ఉపాయాన్ని వాడుతుంది. 1992లో ఎక్స్‌స్క్రీన్‌సేవర్‌ను వెలువరించిన జేమీ జవిన్‌స్కీ మరింత మూలానికి వెళ్ళాడు. అందమైన బొత్తాలు, అక్షరాలు గీసే భారీ ఉపకరణాలను తాళంలో చేర్చరాదని, వాటిలోని ఏ దోషమైనా తాళాన్ని కూల్చగలదని ఆయన ఏళ్ళ తరబడి వాదించాడు. ఆ వాదం 2021 జనవరిలో అందరికీ అర్థమైంది. లినక్స్ మింట్ వాడే ఒక తండ్రి చూస్తుండగా పిల్లలు ఆటగా అసలు కీబోర్డునూ, తెర మీది కీబోర్డునూ ఇష్టం వచ్చినట్లు నొక్కారు. తాళం కూలిపోయి తెర తెరుచుకున్నది. అక్కడ దోషం లీకు కాదు, తెర మీది కీబోర్డుకు సంబంధించినది. కాని కాపలాదారు ఎలా పడిపోయినా గుమ్మానికి పట్టే గతి ఒక్కటే. అదే ఏడాది వచ్చిన ఎక్స్‌స్క్రీన్‌సేవర్ 6.00లో కాపలా కాసే భాగాన్ని, చిత్రాలు గీసే భాగాన్ని, పాస్‌వర్డు అడిగే భాగాన్ని వేరు వేరు ప్రోగ్రాములుగా విడదీశారు.

లీకును పట్టుకోవడానికి 2002 నుండి వాల్‌గ్రిండ్ అనే సాధనం ఉన్నది. తీసుకొని తిరిగి ఇవ్వని ప్రతి ముక్కనూ, దానిని అడిగిన వాక్యంతో సహా అది చూపిస్తుంది. మెమరీని దానంతట అదే ఊడ్చుకొనే భాషలు వాడినంత మాత్రాన బెడద తీరదు. గ్నోమ్ అనే డెస్క్‌టాప్‌లో 2012 నుండి తెర తాళం గ్నోమ్ షెల్ అనే ప్రధాన ప్రోగ్రాములోనే భాగం. ఆ షెల్‌లో చాలా భాగం జావాస్క్రిప్టులో ఉన్నది. పెద్ద వస్తువులు సి వైపు ఉండగా, జావాస్క్రిప్టు వైపు వాటి చిన్న పిడులు మాత్రమే కనిపించడం వలన ఊడ్చే పని ఆలస్యమై మెమరీ పెరిగిపోతున్నదని 2018లో గుర్తించి సవరించారు.

ఎక్స్ స్థానంలో వ్యాపిస్తున్న వేలాండ్ వ్యవస్థలో గుమ్మానికి నిజమైన తలుపు పెట్టారు. తాళం వేయమని ప్రోగ్రాము కోరుతుంది. తెరను మూసి ఉంచే బాధ్యత మాత్రం తెరను నడిపే ప్రధాన వ్యవస్థదే. ఈ ఒప్పందాన్ని 2022లో వేలాండ్ నియమావళిలో చేర్చారు. దాని ప్రకారం తాళం ప్రోగ్రాము మెమరీ చాలక మరణించినా తెర మూసే ఉండాలి. ఈ పద్ధతిని పాటించే స్వే అనే వ్యవస్థలో అటువంటప్పుడు తెర అంతా ఎర్రగా మారుతుంది. యజమాని వేరొక కన్సోలులోకి వెళ్ళి, తన పేరు, పాస్‌వర్డు ఇచ్చి, తాళం ప్రోగ్రామును మళ్ళీ ప్రారంభించుకోవాలి. శ్రమే గాని, ఎర్రతెర వెనుక కాగితాలు పెట్టినవి పెట్టినట్లే ఉంటాయి.