సేలం న్యాయాధిపతి పశ్చాత్తాపము

కోవిల్‌పట్టి నుండి తిరునల్వేలికి పోవు మార్గమున కయత్తారు కలదు. తెలుగు మాటాడు వంశమున బుట్టిన వీరపాండ్య కట్టబొమ్మనను 1799 అక్టోబరులో మేజరు బానర్మన్ అచటనే విచారించి, తక్కిన పాళెగాండ్రు చూచుచుండగా ఉరి తీయించెను. దండు నడపినవాడే విచారణాధికారి! ఇట్టి తీర్పులు చరిత్రమున కొల్లలు. తీర్పు చెప్పినవాడే పిదప పదుగురిలో లేచి నిలిచి, దోషము తనదని యొప్పుకొనుట మాత్రము మిక్కిలి యరుదు. అట్టి న్యాయాధిపతి యొకడు కట్టబొమ్మనకు నూఱేండ్లకు పూర్వము అమెరికాలో నుండెను. అతడు శామ్యూల్ స్యూయల్.

స్యూయల్ 1652లో ఇంగ్లండున జన్మించి, తొమ్మిదేండ్ల ప్రాయమున మసాచుసెట్స్ వలసకు వచ్చి, హార్వర్డు కళాశాలలో చదివి, బోస్టను నగరమున ధనికుడుగను, అధికారిగను ప్రసిద్ధి కెక్కెను. ఆయన ప్యూరిటను మతస్థుడు. ఆంగ్ల క్రైస్తవ సంఘమునందలి ఆడంబరములను తొలగించి దానిని శుద్ధి చేయవలెనని కోరినవారు ప్యూరిటనులు. ఇంట శిశువు మరణించినను, పంట చెడినను దాని వెనుక దైవాగ్రహమో సైతాను మాయయో ఉన్నదని వారు తలచెడివారు.

చేతబడి, చిల్లంగి, బాణామతి యను మాటలు తెలుగువారి కెఱుకయే. 1692లో సేలం గ్రామమున అట్టి భయమే చెలరేగెను. కొందఱు బాలికలు మూర్ఛలు పోవుచు, ఫలానావారి ఛాయ వచ్చి తమ్ము గిల్లుచున్నదని చెప్పసాగిరి. గవర్నరు ఫిప్స్ తొమ్మండుగురు న్యాయాధిపతులతో ప్రత్యేక న్యాయస్థానమును నెలకొల్పెను. స్టౌటన్ దానికి ప్రధానుడు. స్యూయల్ ఒక సభ్యుడు. ఇతరుల కంటికి గానరాని ఛాయను గూర్చిన మాటయే అచట సాక్ష్యముగా గ్రహింపబడెను. నిందితులకు న్యాయవాది లేడు. వింత యేమనగా, మంత్రగత్తెనే యని యొప్పుకొన్నవారికి ప్రాణము దక్కెను. అబద్ధమాడనొల్లక కాదన్నవారు ఉరికంబ మెక్కిరి. పందొమ్మండుగురు ఉరి తీయబడిరి. విచారణకు బదులు పలుకనన్న గైల్స్ కోరీ యను వృద్ధుని ఱాళ్ల బరువు క్రింద నలిపి చంపిరి. ఆ అక్టోబరులో గవర్నరు ఆ న్యాయస్థానమును రద్దు చేసెను. శిక్ష పడినవారిలో చివరి స్త్రీ పేరు మీది నింద చట్టరీత్యా తొలగుటకు 2022వ సంవత్సరము రావలసి వచ్చెను.

స్యూయల్ నాలుగేండ్లు మౌనముగా నుండెను. 1696 మే నెలలో ఆయన భార్యకు మృతశిశువు జన్మించెను. డిసెంబరులో రెండేండ్ల కుమార్తె సారా మరణించెను. ఆ మఱునాడే ఇంటి ప్రార్థనలో కుమారుడు బైబిలు చదువుచుండగా, నిర్దోషులకు శిక్ష విధించుటను గూర్చిన వాక్యము వచ్చెను. అది తండ్రి గుండెలో నాటుకొనెను. 1697 జనవరి 14వ తేదీన వలస యంతయు ఉపవాసదినము పాటించుచుండగా, స్యూయల్ ఒక కాగితము వ్రాసి బోస్టనులోని దక్షిణ ప్రార్థనాలయమున మతాచార్యుడైన విల్లర్డు చేతి కిచ్చెను. అది చదువబడునంతసేపు తన స్థానమున నిలుచుండి, ముగియగనే తల వంచెను. "పొరపాటు జరిగినది" అని తప్పించుకొనక, నిందయు సిగ్గును తనవే యని అందులో వ్రాసెను. ఆ యేడే పన్నిద్దఱు జూరీ సభ్యులును క్షమాపణ కోరిరి. స్టౌటన్ మాత్రము తుదివఱకు కోరలేదు.

తన బిడ్డల చావునకు వెఱచియే స్యూయల్ ఇట్లు చేసెనని అనువారు కలరు. అందు కొంత నిజము లేకపోలేదు. కాని భయము వలన గలిగినది భయముతోనే యణగిపోవలసినది. ఆయన యెడల అట్లు కాలేదు. 1700 సంవత్సరమున ఆయన "జోసెఫు విక్రయము" అను చిన్న పుస్తికను ప్రకటించెను. బానిసతనమును ఖండించుచు న్యూ ఇంగ్లండులో అచ్చయిన మొదటి రచన యిదియే. మనుష్యులందఱును ఆదాము సంతానమే గనుక స్వేచ్ఛ యందఱికిని సమానమనియు, దొంగిలింపబడిన మనుష్యుని కొనుట దొంగతనములో పాలు పంచుకొనుటయే యనియు ఆయన వాదము. సేలమున కంటికి గానరాని ఛాయను నమ్మినవాడు, వీధిలో తిరుగు బానిసను అందఱును చూచుచునే చూడకున్నారని గుర్తించెను. ఈ వాణిజ్యము మన కంతగా దూరమైనది కాదు. 1680 ప్రాంతమున చెన్నపట్టణపు రేవు నుండియు బానిసలు ఓడలలో ఎగుమతియగుచుండిరి.

జాన్ సాఫిన్ అను మఱియొక న్యాయాధిపతి 1701లో స్యూయలుకు ఖండన వ్రాసెను. సాఫిన్ బానిసయైన ఆడము వ్యాజ్యము నడపి 1703లో విముక్తుడయ్యెను. స్యూయల్ దృష్టి సంపూర్ణమని చెప్పరాదు. నల్లవారు తెల్లవారితో ఒక్క జాతిగా కలిసిపోజాలరని అదే పుస్తికలో వ్రాసినాడు. అయినను 1716లో పన్ను లెక్కలయందు రెడ్ ఇండియనులను, నీగ్రోలను గుఱ్ఱములతోను పందులతోను జేర్చి వెల కట్టరాదని పట్టుబట్టెను. ఆ ప్రయత్నము నెగ్గలేదని ఆ దినపు వ్రాతలో ఆయనయే వ్రాసికొనెను.